గుంట కాడ పనికి మొదటి టచ్ ఫోన్: పాత నంబరు ఏ ఫోన్‌లో ఉంచాలి?

అల్లూరు గుంటల రైతు:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలం. కౌలు గుంటల్లో వెనామి రకం రొయ్యలు వేస్తున్నా. వయసు యాభై దాటింది. నేను చెబుతుంటే మా అమ్మాయి తన కంప్యూటర్‌లో టైపు చేస్తోంది.

నా దగ్గర ఉండేది నోకియా బటన్ ఫోన్. దాన్ని పక్కన పడేయాలని నాకు లేదు, ఆ మాట ముందే చెబుతున్నా. రాత్రి గట్టు మీద నడిచేటప్పుడు జేబులో చెయ్యి పెట్టి, చూడకుండానే బటన్ నొక్కితే టార్చి వెలుగుతుంది. చేతులు తడిగా ఉన్నా, మేత పిండి అంటుకుని ఉన్నా నంబరు పడుతుంది. కింద పడితే తుడిచి జేబులో వేసుకుంటా. ఛార్జింగ్ పెట్టానా లేదా అని రోజూ చూసుకునే పని లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది మోటార్ షెడ్డులో పెట్టిన అలారం డబ్బా. కరెంటు పోగానే దానిలోని సిమ్ నుంచి నా ఫోన్‌కు కాల్ వస్తుంది. నేను లేచి జనరేటర్ వేయాలి. రొయ్యలు సాగు చేసేవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నా. పగలు నీళ్ళలోని పచ్చన, అంటే సన్న నాచు వల్ల ఆక్సిజన్ పుడుతుంది. రాత్రయితే ఆ పచ్చన కూడా ఆక్సిజన్ పీల్చుకునేదే. అందుకే తెల్లవారుజామున డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. సరిగ్గా ఆ వేళ నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే రొయ్య పైకి తేలుతుంది. పెట్టుబడి అంతా ఆ నీళ్ళలోనే ఉంది. ఆ రింగు నాకు వినపడి తీరాలి.

ఇంత నమ్మకంగా ఉన్న ఫోన్ ఉండగా టచ్ ఫోన్ ఎందుకు అంటారా? పని అటు తోస్తోంది. కొనుగోలుదార్లు వంద కౌంట్ ఎంత, యాభై కౌంట్ ఎంత, ముప్పై కౌంట్ ఎంత అని రేట్ల పట్టీ రోజూ వాట్సాప్‌లో పెడుతున్నారు. కౌంట్ అంటే కిలోకు తూగే రొయ్యల లెక్క. 2025లో అమెరికా సుంకాల గొడవ నడిచినప్పుడు రేటు ఏ పూట ఎలా ఉంటుందో తెలియలేదు. ఆ రోజుల్లో నేను పక్క గుంట కుర్రాడిని అడిగి తెలుసుకునేవాణ్ణి. ఒకసారి నా పట్టుబడి, అంటే గుంటలో రొయ్య పట్టడం అయిపోయి సరుకు బండెక్కాక తెలిసింది, ఆ పొద్దున్నే రేటు పెరిగిందని. కొన్నతను నాకు ముందురోజు రేటే కట్టాడు. అడిగితే, 'గ్రూపులో పెట్టాను కదా' అన్నాడు. ఆ గ్రూపులో నేను లేనని అతనికి తెలుసు.

ఇంకోటి, ల్యాబ్. రొయ్య పిల్ల వేసే ముందు జబ్బులున్నాయేమో చూసే పీసీఆర్ పరీక్ష చేయిస్తాం కదా, రిపోర్టు కాగితం ఇవ్వడం తగ్గిపోయింది. వాట్సాప్‌కు పంపుతాం, నంబరు చెప్పమంటారు. మేత కంపెనీ టెక్నీషియన్‌కు ఫోన్ చేసి, మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్ ట్రేలో తెల్లటి రెట్ట కనిపిస్తోందంటే ఫోటో పెట్టమంటాడు. ప్రతిసారీ వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి పంపించుకోవడం నాకు నచ్చడం లేదు. నా పంట ఎలా ఉందో ఊరంతటికీ తెలియడం కూడా నచ్చడం లేదు.

అమ్మాయేమో 'నాన్నా, ఉన్న సిమ్ తీసి కొత్త ఫోన్‌లో వేసేయ్, ఒకే ఫోన్ చాలు' అంటోంది. నాకు భయంగా ఉంది. పట్టుబడి డబ్బులు పడే ఖాతాకు ఉన్నది ఆ నంబరే. మా వైపు ఒకాయన పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఫైలు నొక్కాడు. కాసేపటికే ఖాతాలో డబ్బులు పోయాయి. ఆయన తెలివితక్కువ మనిషేమీ కాదు.

కాబట్టి అడుగుతున్నా. పాత నంబరు బటన్ ఫోన్‌లోనే ఉంచి టచ్ ఫోన్ విడిగా వాడుకోవచ్చా? అలా చేస్తే వాట్సాప్ ఏ నంబరు మీద నడుస్తుంది? ఉప్పుగాలిలో, తడి చేతులతో వాడేవాడికి ఎలాంటి ఫోన్ కావాలి? పదివేలకు కాస్త అటూ ఇటూ పెట్టగలను. తెలుగు బాగా చదువుతా, ఇంగ్లీషు కూడబలుక్కుంటా.

కావలి రిపేరు షాపు:

అన్నా, మీరు అడిగిన పద్ధతే మంచిది. రెండు ఫోన్లూ ఉంచుకోండి. అలారం కాల్ ఒక్కటి చాలు ఆ మాట అనడానికి. టచ్ ఫోన్‌లో 'డు నాట్ డిస్టర్బ్' అనేది ఒకటి ఉంటుంది, చెయ్యి తగిలి అది ఆన్ అయితే రాత్రంతా రింగు రాదు. ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయే సంగతి సరేసరి. ఐదు వేల ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్నా వాట్సాప్, వీడియోలు చూసేవాళ్ళకు రోజు, రోజున్నర వస్తుంది. మీ బటన్ ఫోన్ బ్యాటరీ దానికంటే చాలా చిన్నది, అయినా రోజుల తరబడి నిలుస్తుంది. దానిలో కరెంటు లాగే పెద్ద తెర, ఇంటర్నెట్ లేవు మరి.

కొనేది ఎలా చూడాలో చెబుతా. ర్యామ్ నాలుగు జీబీకి తగ్గొద్దు, ఆరు దొరికితే మేలు. స్టోరేజీ 128 తీసుకోండి. రేట్ల గ్రూపుల్లో వచ్చే ఫోటోలూ వీడియోలూ పేరుకుపోయి, 64 అయితే తొందరగా నిండుతుంది. వాట్సాప్ సెట్టింగుల్లో ఫోటోలు వాటంతటవి డౌన్‌లోడ్ కాకుండా ఆపేయొచ్చు, మొదటిరోజే ఆ పని చేయించుకోండి.

షాపులో ట్యూబులైటు కింద చూసి కొనకండి. బయటికి తెచ్చి ఎండలో తెర కనబడుతోందా అని చూడండి. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఎండలో తెర మీద మన మొహమే కనిపిస్తుంది. గుంట మీద చెక్ ట్రే ఫోటో తీయాల్సినవాళ్ళు మీరు. అలాగే స్పీకర్ పూర్తిగా పెంచి, రోడ్డు మీద బండ్లు పోతుండగా వినండి.

రొయ్యల గుంటల కాడి నుంచి నా దగ్గరికి వచ్చే ఫోన్లలో ఎక్కువ జబ్బు ఛార్జింగ్ పిన్ను దగ్గరే. ఉప్పు తేమకు లోపల పచ్చగా చిలుము పడుతుంది. తడి ఉండగా ఛార్జర్ గుచ్చితే అది ఇంకా తొందరగా పోతుంది. ఐపీ64 అని రాసి ఉందని నీళ్ళలో పడినా పరవాలేదని షాపువాళ్ళు చెబుతారు. అది దుమ్ముకూ చిలకరింపుకూ మాత్రమే. గుంటలో మునిగితే కాపాడదు, ఆ పరీక్షలు చేసేది కూడా మంచినీళ్ళతో. ప్లాస్టిక్ పౌచ్ మెడలో వేసుకోండి, ఇంటికొచ్చాక తీసి ఆరబెట్టండి.

తడి చేతులకు టచ్ చాలా ఫోన్లలో సరిగా పనిచేయదు. వేలిలోని కొద్దిపాటి విద్యుత్తును తెర గుర్తుపడుతుంది. మధ్యలో నీటి చుక్క ఉంటే అది తికమకపడుతుంది. వేలిముద్ర లాకు కూడా మీకు ఇబ్బందే. సున్నం, బ్లీచింగ్ పట్టుకునే చేతులు కదా, గీతలు అరిగిపోయి ఉంటాయి. అంకెల లాకు పెట్టుకోండి.

వాట్సాప్ సంగతి: టచ్ ఫోన్‌లో కొత్త సిమ్ వేసి ఇంటర్నెట్‌కు వాడండి, వాట్సాప్ మాత్రం పాత నంబరు మీదే తెరవండి. కోడ్ బటన్ ఫోన్‌కు వస్తుంది, అది చూసి కొడితే సరి. మీ నంబరు ఎవరికీ మార్చి చెప్పక్కర్లేదు.

ఇందుకూరుపేట బ్యాంకు మిత్ర:

పై అన్న చెప్పినవాటిలో చివరిది మాత్రం వద్దంటాను. ఇన్నాళ్ళూ అలా నడిచింది నిజమే. అయితే 2025 నవంబరులో టెలికం శాఖ వాట్సాప్ లాంటి యాప్‌లన్నిటికీ ఒక ఆదేశం ఇచ్చింది. ఏ నంబరు మీద ఖాతా ఉందో ఆ సిమ్ అదే ఫోన్‌లో ఉంటేనే యాప్ నడవాలి అని. మోసగాళ్ళను పట్టుకోవడానికి పెట్టిన నిబంధన అది. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టే మనిషి దానికి ఎదురు వెళ్ళడం ఎందుకు? వాట్సాప్‌ను కొత్త సిమ్ నంబరు మీదే తెరవండి సార్. రేట్ల గ్రూపులవాళ్ళకీ, ల్యాబ్‌కీ, టెక్నీషియన్‌కీ ఆ నంబరు ఇస్తే సరిపోతుంది. మిగతా ఊరంతా పాత నంబరుకే ఫోన్ చేస్తారు.

బ్యాంకు నంబరు బటన్ ఫోన్‌లోనే ఉండనివ్వండి. ఇది నేను గట్టిగా చెబుతాను. మీరు చెప్పిన పీఎం కిసాన్ ఫైలు ఏపీకే అనే రకం, నొక్కితే ఫోన్‌లో యాప్‌గా ఎక్కేది. అది ఫోన్‌లోకి దిగాక చేసే పనుల్లో ఒకటి, వచ్చే మెసేజీలను చదివి ఓటీపీలను అవతలివాడికి చేరవేయడం. ఓటీపీ వచ్చే సిమ్ వేరే ఫోన్‌లో ఉంటే, అదీ ఇంటర్నెట్ లేని ఫోన్ అయితే, ఆ ఫైలుకు చదవడానికి ఏమీ ఉండదు. పట్టుబడి డబ్బులు లక్షల్లో వచ్చే ఖాతాకు ఇంతకంటే చవకైన కాపలా నాకు తెలియదు.

కొత్త ఫోన్‌లో యూపీఐ యాప్‌లు పెట్టాలంటే బ్యాంకు నంబరు సిమ్ అదే ఫోన్‌లో ఉండి దాని నుంచి ఒక మెసేజీ పోవాలి. అంటే ఈ పద్ధతిలో మీకు ఆ ఖాతా మీద యాప్ ఉండదు. డబ్బు పంపే అవసరం ఎంత ఉందో ఆలోచించుకోండి. చిన్న మొత్తాలకైతే బటన్ ఫోన్‌లోనే దారి ఉంది. స్టార్ 99 హ్యాష్ కొడితే ఇంటర్నెట్ లేకుండానే ఒక్కో విడతకు ఐదు వేల దాకా పంపొచ్చు. 2022లో రిజర్వు బ్యాంకు తెచ్చిన యూపీఐ 123పే కూడా బటన్ ఫోన్ల కోసమే. మొదటిసారి డెబిట్ కార్డు దగ్గర పెట్టుకుని మీ బ్యాంకుకు వెళ్ళి చేయించుకోండి. టీ కొట్లో స్కాన్ చేయాలనిపిస్తే, కొత్త నంబరుతో వేరే బ్యాంకులో చిన్న ఖాతా తెరిచి, దానిలో ఖర్చులకు సరిపడా మాత్రం ఉంచుకోండి.

ఎప్పుడైనా పాత నంబరును టచ్ ఫోన్‌లోకి మార్చక తప్పకపోతే, పెద్ద సిమ్‌ను కత్తిరించకుండా అసలైన షాపులో చిన్న సిమ్ తీసుకోండి. సిమ్ మార్చాక 24 గంటలు మెసేజీలు ఆగుతాయి. ఓటీపీ రాదు. పట్టుబడి వారంలో మాత్రం ఆ పని పెట్టుకోకండి.

రెండు సిమ్‌ల రీఛార్జి ఖర్చు గురించి కూడా చెప్పాలి. కాల్స్, మెసేజీలు మాత్రమే ఉండే ప్యాకులు ఇవ్వాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలకు చెప్పింది. ఏడాది గడువు ఉన్నవి కూడా ఉన్నాయి. బటన్ ఫోన్‌కు అలాంటిది అడగండి. షాపువాడు డేటా ప్యాకే చూపిస్తే మళ్ళీ అడగండి. మీది పాత రకం టూజీ ఫోనైతే ఆ నంబరును జియోకు మాత్రం మార్చకండి, జియోకు టూజీ లేదు.

కొండపి పొగాకు ఇంటి కోడలు:

బాబాయ్, మా మామగారికి ఫోన్ నేర్పించింది నేనే, అందుకని రాస్తున్నా. పొగాకు ఆకు కొట్టే రోజుల్లో ఆయన వేళ్ళకు జిగురు నల్లగా పట్టి ఉంటుంది. వేలిముద్ర పడేది కాదు, తెర మీద నొక్కినా సరిగా పలికేది కాదు. పైన అన్నయ్య చెప్పినట్టు అంకెల లాకే మేలు.

టైపు చేయడం గురించి ఎవరూ చెప్పలేదు. ఫోన్‌లో జీబోర్డు అనే కీబోర్డు ఉంటుంది. దానిలో తెలుగు పెట్టుకుంటే మైకు గుర్తు నొక్కి మాట్లాడొచ్చు, మీ మాట తెలుగు అక్షరాల్లో పడుతుంది. వేలితో తెర మీద తెలుగులో రాసినా అక్షరాలుగా మార్చుతుంది. మా మామగారు పలక మీద రాసినట్టు రాస్తారు, చక్కగా పడుతుంది. ఫోన్ భాష, వాట్సాప్ భాష కూడా తెలుగులోకి మార్చించుకోండి. అక్షరాల సైజు పెంచించుకోండి.

మోసాల విషయంలో మా ఇంట్లో పెట్టుకున్న కట్టడి ఒకటే. వాట్సాప్‌లో వచ్చిన ఏ ఫైలు అయినా చివర ఏపీకే అని ఉంటే నొక్కం. పంపింది సొంత అన్నయ్య అయినా సరే, ఎందుకంటే వాళ్ళ ఫోన్ పాడైతే వాళ్ళ పేరు మీదే మనకు వస్తుంది. పెళ్ళి పత్రిక అని వస్తుంది, చలానా అని వస్తుంది. ఒకవేళ డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. తొందరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే ఆపే వీలుంటుంది. ఆ నంబరు మా ఇంట్లో క్యాలెండర్ మీద రాసి ఉంది.

వాట్సాప్ వచ్చాక మీకు ఉపయోగపడేది ఇంకోటి. 2025 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మన మిత్ర. కరెంటు బిల్లు, సర్టిఫికెట్లు లాంటివి వాట్సాప్‌లోనే అడగొచ్చు. మాకు మీసేవ దాకా వెళ్ళే పని తగ్గింది.

అల్లూరు గుంటల రైతు:

అందరికీ ధన్యవాదాలు. ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. బ్యాంకు మిత్ర గారు చెప్పిన పద్ధతి నా మనసుకు పూర్తిగా నచ్చింది. నేను భయపడింది డబ్బు విషయంలోనే, అది బటన్ ఫోన్‌లోనే ఉంటుందంటే ఇంకేం కావాలి. అమ్మాయి కూడా చదివి ఒప్పుకుంది. టెన్షన్ తగ్గింది.

చిన్న ఖాతా విషయం మాత్రం ఇప్పుడే వద్దనుకుంటున్నా. ముందు ఫోటో తీయడం, పంపడం, రేట్ల పట్టీ చూడటం చేతికి అలవాటు కానీ. ఒక పంట కాలం అయ్యాక చూద్దాం. డీజిలు, సున్నం కొనే చోట నాకు అరువు ఖాతా ఉంది, స్కాన్ చేయాల్సిన తొందరేమీ లేదు.

టార్చి సంగతి ఇంకా తేలలేదు. చెక్ ట్రే రాత్రి కూడా ఎత్తి చూస్తాం. అప్పుడు ఫోటో తీయాలంటే టచ్ ఫోన్ ఒక చేతిలో, ట్రే ఇంకో చేతిలో ఉంటుంది. దీనికేమైనా దారి ఉందా? ఇంకోటి, బటన్ ఫోన్‌లో ఉన్న పేర్లన్నీ కొత్తదానిలోకి ఎక్కించడం ఎలా? కూలీలు, ఐస్ వాళ్ళు, జనరేటర్ మెకానిక్, అందరూ దానిలోనే ఉన్నారు.

విడవలూరు ఆక్వా:

అన్నా, మనది పక్క మండలమే. నేను వాడేది మోటో. ఫోన్ పట్టుకుని చేతిని రెండుసార్లు కిందికి విసిరితే టార్చి వెలుగుతుంది, మళ్ళీ అలాగే విసిరితే ఆరిపోతుంది. తెర ముట్టుకునే పని లేదు, తడి చేతులైనా ఒకటే. మిగతా కంపెనీల్లో పవర్ బటన్ మీదో, వెనకవైపు తట్టితేనో వెలిగేలా పెట్టుకునే వీలు కొన్నింటిలో ఉంది, కొనేముందు షాపులో చేసి చూపించమనండి. ఫోటో తీసేటప్పుడు తెర మీద నొక్కక్కర్లేదు, కెమెరా తెరిచి పక్కన ఉన్న సౌండ్ బటన్ నొక్కితే ఫోటో పడుతుంది. పౌచ్‌లో ఉండగానే తీయొచ్చు.

రాత్రి ఫోటోకు తలకు కట్టుకునే లైటు పెట్టుకోండి. ఫోన్ ఫ్లాష్ వేస్తే ట్రేలోని నీళ్ళ మీద తళుక్కుమని రొయ్య పేగు కనిపించదు. టెక్నీషియన్ మళ్ళీ తీసి పంపమంటాడు. రొయ్యను అరచేతిలో పెట్టుకుని, లైటు పక్క నుంచి పడేలా చూసి తీస్తే పేగు గీత నల్లగా ఉందా, తెల్లగా ఉందా, ఖాళీగా ఉందా అనేది బాగా తెలుస్తుంది.

ఇంకో మాట, అలారం డబ్బాలో రెండో నంబరు పెట్టుకునే వీలు ఉంటుంది. కొత్త నంబరు కూడా దానిలో ఎక్కించండి. అలారం నంబరును టచ్ ఫోన్‌లో పేరుతో సేవ్ చేసి, స్టార్ పెట్టి, డు నాట్ డిస్టర్బ్‌లో స్టార్ ఉన్నవాళ్ళ కాల్స్ మోగేలా పెట్టండి. ఒకటి వినపడకపోయినా రెండోది మోగుతుంది.

కావలి రిపేరు షాపు:

బ్యాంకు మిత్ర చెప్పిన సిమ్ నిబంధన సరైనదే, అన్నా, అలాగే చేయండి.

పేర్ల గురించి. అందరూ చెప్పే పద్ధతి, పేర్లన్నీ సిమ్‌లోకి కాపీ చేసి ఆ సిమ్‌ను కొత్త ఫోన్‌లో వేయడం. మీకు అది కుదరదు, మీ సిమ్ బటన్ ఫోన్‌లోనే ఉండాలి కదా. పైగా సిమ్‌లోకి ఎక్కిస్తే పొడుగు పేర్లు మధ్యలో తెగిపోతాయి, ఒక పేరుకు ఒక్క నంబరే నిలుస్తుంది. మీ అమ్మాయి దగ్గర కంప్యూటర్ ఉంది కాబట్టి సుళువైన దారి ఒకటుంది. మీ పేరుతో జీమెయిల్ ఖాతా తెరవమనండి. కంప్యూటర్‌లోనే గూగుల్ కాంటాక్ట్స్ తెరిచి, మీరు బటన్ ఫోన్ చూస్తూ చదివితే తను టైపు చేస్తుంది. పేర్లు తెలుగులోనే కొట్టించండి. కొత్త ఫోన్‌లో ఆ జీమెయిల్‌తో లాగిన్ కాగానే అన్నీ వచ్చేస్తాయి. రేపు ఫోన్ గుంటలో పడినా పేర్లు పోవు.

ఆ జీమెయిల్‌కు రికవరీ నంబరుగా పాత నంబరు ఇవ్వండి, పాస్‌వర్డ్ ఇంట్లో పుస్తకంలో రాసి పెట్టండి. ఫోన్ కొన్న రోజే స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొడితే ఐఎంఈఐ అనే ఆ ఫోన్ గుర్తింపు నంబరు కనిపిస్తుంది. అది కూడా బిల్లుతో పాటు దాచండి. ఫోన్ పోయినప్పుడు పోలీసు ఫిర్యాదు, బిల్లు, ఆ నంబరు ఉంటే సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో పెట్టి ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయకుండా ఆపించొచ్చు. కంపెనీ ఏదైనా, నెల్లూరులో దాని సర్వీస్ సెంటర్ ఉందో లేదో షాపువాడిని అడిగాకే డబ్బు కట్టండి. కొన్నాక ఒకసారి కావలి వైపు రండి, ఆ స్టార్ సెట్టింగు, తెలుగు కీబోర్డు, ఫోటోలు ఆపే సెట్టింగు నేను పెట్టి ఇస్తా, దానికి డబ్బులేమీ అక్కర్లేదు.

అల్లూరు గుంటల రైతు:

వస్తా తమ్ముడూ. ఈ ఆదివారం అమ్మాయి, నేను కూర్చుని పేర్లు ఎక్కిస్తాం. రేట్ల గ్రూపు అడ్మిన్‌కు కొత్త సిమ్ తీసుకోగానే నంబరు ఇస్తానని ఈరోజే చెప్పేశా. చేరుస్తానన్నాడు.